కారు అద్దానికి బిట్టు వెతికిన మా బావ

నిన్న పొద్దున్నే అక్క ఫోన్. "బావ లేవట్లేదురా" అంది. అంతే.

నేను యూసుఫ్‌గూడ నుంచి అమీర్‌పేటలో వాళ్ళ ఫ్లాట్‌కి వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

మా అక్క భర్త, మా డేవిడ్ బావ ఇక లేడు. ఈ మాట టైప్ చేస్తుంటే ఏడుపు కన్నా కోపమే ఎక్కువగా వస్తోంది.

గ్రూపులో అందరూ "దేవుడికి మంచివాళ్ళే కావాలి" అని పెడుతున్నారు. దయచేసి నాకు ఆ మెసేజ్ పంపకండి. దీన్ని దేవుడి మీదకి నెట్టకండి.

బావ ఎలాంటి మనిషో తెలియనివాళ్ళ కోసం ఒక్క సంగతి చెబుతాను.

ఆయన పాత కారు మా చర్చిలో అందరికీ తెలుసు. నడవలేని పెద్దవాళ్ళని ప్రతి ఆదివారం అందులోనే తీసుకొచ్చేవాడు. పోయిన వానాకాలం వెనక డోర్ అద్దం ఒక పక్కకి ఒరిగిపోయింది. పైదాకా ఎక్కదు. సందులోంచి వాన లోపలికి కొడుతోంది. పాపం రూతమ్మ గారు కారులోనే గొడుగు తెరుచుకుని కూర్చున్నారు. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బైకుల మీదవాళ్ళు చూసి ఒకటే నవ్వు.

బావకి తల కొట్టేసినట్టయింది.

ఇంటికి రాగానే డోర్ ప్యాడ్ విప్పాడు. అద్దం సరిచేయాలంటే లోపలి బోల్టులు లూజ్ చేయాలి. వాటి తల మీద స్టార్ ఆకారంలో గుంట, గుంట మధ్యలో చిన్న పిన్ను. స్క్రూడ్రైవర్ కొనకి తగిలించే మామూలు స్టార్ బిట్టు అందులో దూరదు. మధ్యలో చిల్లు ఉన్న బిట్టు కావాలి.

ఇక మొదలైంది తిరుగుడు. అమీర్‌పేట హార్డ్‌వేర్ షాపులు, తర్వాత పంజాగుట్ట, తర్వాత లక్డీకాపూల్. వారాల తరబడి నన్ను వెంటేసుకుని తిరిగాడు. ఎక్కడికెళ్ళినా ఒకటే సలహా.

"గా పిన్ను మీద సుత్తితోని ఒక్క దెబ్బ కొట్టు అన్న, ఇరుగుతది. అందరు గట్లనే చేస్తరు."

బావ మర్యాదగా నవ్వి బయటికొచ్చేవాడు. వచ్చాక నా మీద ఎగిరేవాడు.

"దేనికి పెట్టాల్సింది దానికి పెట్టాలిరా. చేతికి దొరికింది పెట్టి కొడితే వస్తువు పోద్ది."

చివరికి ఆ బిట్టు పంజాగుట్టలో కంప్యూటర్లు రిపేర్ చేసే చిన్న షాపులో దొరికింది. ఆ సాయంత్రం అద్దం ఎక్కించి దించి, మళ్ళీ బోల్టు కాస్త తిప్పి, నాచేత బకెట్లతో నీళ్ళు పోయించాడు. చుక్క లోపలికి రాలేదు. రూతమ్మ గారికి ఫోన్ చేసి మరీ చెప్పాడు.

అలాంటి మనిషికి మొన్న గురువారం ఛాతీ పట్టేసింది. ఎడమ చెయ్యి లాగేస్తోందన్నాడు.

ఏం చేశాడు? సోడా తాగాడు. డబ్బాలో ఉన్న గ్యాస్ మాత్ర వేసుకున్నాడు.

అక్క బతిమాలింది. నేను అరిచాను. పాస్టర్ గారు కూడా, ప్రార్థన నేను చేస్తాను, ముందు మీరు ఈసీజీ తీయించుకోండి అని గట్టిగా చెప్పారు. పంజాగుట్ట ఆస్పత్రికి ఆటోలో ఎంత సేపు?

"ఆదివారం అందరినీ దింపేశాక వెళ్తాలేరా. గ్యాసే" అన్నాడు.

ఈరోజే ఆ ఆదివారం. మధ్యాహ్నం భూస్థాపన.

కారు అద్దం బోల్టు మీద సుత్తి పడనివ్వలేదు. నీ గుండెకి మాత్రం డబ్బాలో ఏది దొరికితే అది మింగి సరిపెట్టావు. నీ ప్రాణం ఆ అద్దం పాటి చేయలేదా బావా? అక్క పొద్దుట్నుంచి నన్ను ఇదే అడుగుతోంది. నేనేం చెప్పాలి?

ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా ఛాతీలో నొప్పిగా ఉంటే ఇప్పుడే లేచి ఆస్పత్రికి వెళ్ళండి. కామెంట్ తర్వాత పెట్టొచ్చు.

ప్రభువు సన్నిధిలో నీకు నెమ్మది కలగాలి బావా. నిన్ను క్షమించడానికి మాత్రం నాకు చాలా టైమ్ పడుతుంది.