గోరు చివర మిగిలిన ఎరుపు

మా అమ్మాయి పోయిందండి. కార్తీకమాసం మొదటి సోమవారం, తెల్లవారుతుండగా, రాజమండ్రి ఆసుపత్రిలో. మంచుకి గోదారి కనపడలేదు ఆ పొద్దున. ఇంటికి తెస్తుంటే వంతెన మీద బండి గాలిలో పోతున్నట్టే ఉంది నాకు. ఇప్పటికీ కాళ్ళకి నేల తగల్లేదు.

మాది చేపలు పట్టే కుటుంబం. నేను ఏటిగట్టు మీద చేపలమ్ముతాను. చిన్నప్పుడు అది నా బుట్ట పక్కనే కూర్చునేది. శీలావతి చేప మొప్ప ఎత్తి చూడటం, కన్ను నిగనిగలాడుతోందో లేదో, బొటనవేలితో నొక్కితే సొట్ట పైకి లేస్తోందో లేదో, అన్నీ నా దగ్గరే నేర్చింది. పెద్దయ్యాక పక్క ఊరి హెల్త్ సెంటర్లో నర్సయింది. "నీ పనే నేనూ చేస్తున్నానమ్మా, చేపల బదులు మనుషులు" అని నవ్వేది.

ఓ రోజు పక్కింటావిడ మా అరుగు మీద కూర్చుని ఆయాసపడుతోంది. ఆవిడ పసుపు రాసుకున్న కాలు ఒళ్ళో పెట్టుకుని నొక్కింది మా అమ్మాయి. సొట్ట అలాగే ఉండిపోయింది.

"పిన్నీ, ఎన్ని తలగడలు వేసుకుని పడుకుంటున్నావు?"

"మూడే. మహారాణిని కదా!"

"వెల్లకిలా పడుకుంటే ఊపిరాడట్లేదు కదూ? ఇప్పుడే పద, గుండె చూపిద్దాం."

"చేపని నొక్కినట్టు కాలు నొక్కి గుండె అంటావేంటే!" అని తిట్టుకుంటూనే ఆటో ఎక్కింది. ఇవాళ నాకింత అన్నం కలిపి పెడుతున్నది ఆవిడేనండి.

"ఒళ్ళు మెల్లగా చెబుతుందమ్మా, మనమే హడావుడిగా ఉంటాం" అనేది మా అమ్మాయి.

ఆషాఢంలో అది అలిసిపోయినట్టు కనపడింది. చేతులు పాలిపోయాయి. ఎర్రగా పండితే కళగా ఉంటాయని గోరింటాకు రుబ్బి పదివేళ్ళకీ పెట్టాను. గిన్నెలో మిగిలింది నా రెండు మూడు వేళ్ళకి అది పెట్టింది. బయట వాన. ఇద్దరం చేతులు చాపుకుని వానని చూస్తూ కూర్చున్నాం.

శ్రావణంలో కాళ్ళ మీద సన్నటి ఎర్ర చుక్కలొచ్చాయి. తనే నొక్కి చూసుకుంది. చుక్కలు పోలేదు. "రాజమండ్రి వెళ్దామమ్మా" అంది, సంతకి వెళ్దామన్నట్టు. డాక్టరుగారు వేళ్ళు పట్టుకుని, "గోరింటాకుకి గోళ్ళ రంగు తెలియట్లేదే" అన్నారు. కంటిరెప్ప కిందకి లాగారు. ఎడమ డొక్కలో చెయ్యిపెట్టి చూశారు. రక్తపరీక్షలకి రాశారు. తర్వాత పరీక్షల్లో రక్తం జబ్బని తేలింది.

పాడైన చేప మొప్పలకి రంగు పూసి అమ్మేవాళ్ళని సంతలో నోరారా తిట్టినదాన్ని. నా బిడ్డ పాలిపోతే నేనే రంగు పూశాను. అడగలేక అడగలేక ఒకనాడు అడిగాను, "నా వల్ల ఆలస్యమైందా అమ్మా?" అని.

"నువ్వు పెట్టింది గోళ్ళకే కదా, రెప్ప కింద పెట్టలేదుగా. ఊరందరి కళ్ళూ చూశాను, అద్దంలో నా కన్ను చూసుకోలేదు. తప్పు నర్సుది, చేపలావిడది కాదు" అంది. నవ్వబోతే దగ్గొచ్చింది.

పొద్దున్నే మంచులో బుట్ట దగ్గర కూర్చుంటే, చల్లటి వేలొకటి నా రెప్ప కిందకి లాగి చూసినట్టుంటుంది. చూడనీ అని కదలకుండా ఉంటాను.

అది పెట్టిన గోరింటాకు జరిగి జరిగి నా గోళ్ళ చివర నెలవంకంత మిగిలింది. వెనకాలే కొత్త గోరు లేత గులాబీ రంగులో, అంతా కనపడేలా వస్తోంది. గోళ్ళు తీసుకోమంటుంది పక్కింటావిడ. ఊఁ అంటాను. చేపలు తోమేటప్పుడు మాత్రం ఆ వేళ్ళు మడిచి పెట్టుకుంటున్నాను.