పాత కారులో లింగాల బోరు నీళ్ళు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను కడప నుంచి ప్రొద్దుటూరుకు వర్క్స్ మేనేజరుగా బదిలీ చేశారు. అది ఒక కార్ల డీలరు నడిపే సర్వీసు కేంద్రం. కస్టమర్లతో మాట్లాడి జాబ్ కార్డు రాసేది సర్వీస్ అడ్వైజర్లు, మెకానిక్కుల చేత పని చేయించేది ఫ్లోర్ సూపర్‌వైజరు. ఈ అందరి పనికీ జవాబు చెప్పుకోవలసినవాడు వర్క్స్ మేనేజరు. వారంటీ ఉన్నంతకాలం కార్లు మా దగ్గరికే వస్తాయి. పాతబడ్డాక బయటి మేస్త్రీల దగ్గరికి వెళ్ళిపోతాయి. అక్కడా తేలని జబ్బు ఉంటేనే మళ్ళీ మా గేటు ముందు కనిపిస్తాయి. నాకు మొదటినుంచీ అలాంటి బండ్లంటేనే ఆసక్తి.

నేను చేరిన కొద్ది రోజులకే అలాంటిది ఒకటి వచ్చింది. మూడు సిలిండర్ల చిన్న పెట్రోలు కారు, పదిహేనేళ్ళు పైబడినది. యజమాని నారపరెడ్డి. పులివెందుల దగ్గర లింగాలలో ఆయనకు చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది. భార్య ఓబులమ్మకు మూత్రపిండాలు రెండూ పనిచేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు ఆమెను ప్రొద్దుటూరుకు తెచ్చి డయాలసిస్ చేయించేవాడు. ఆమె మిషన్ మీద ఉండే నాలుగు గంటల్లోనే కారు చూసి ఇవ్వమని అడిగాడు.

“ముద్దనూరు దాటితే చాలు సార్, వేడి చూపే ముల్లు పైకి పోతాంది. పులివెందుల్లో ఇద్దరు మేస్త్రీలకు చూపించినా. ఒకాయన ఫ్యాను మార్చినాడు, ఇంకొకాయన రేడియేటర్ కడిగించినాడు. అయినా అంతే. యాడ నిలిచిపోతాదో అని, ఆమెను ఎక్కించుకున్యాక ప్రొద్దుటూరు వచ్చేదాకా నా గుండె నాది కాదు” అన్నాడు.

వేడెక్కే కారుకు మేము చేసే తనిఖీకి ఒక వరస ఉంటుంది. ఫ్యాను సరైన సమయానికి తిరుగుతోందా, థర్మోస్టాట్ తెరుచుకుంటోందా, రేడియేటర్ మూత ఒత్తిడిని ఆపుతోందా, ఎక్కడైనా కారుతోందా అని ఒకటొకటిగా చూస్తాం. థర్మోస్టాట్ అంటే ఇంజను వేడెక్కేదాకా రేడియేటర్ దారిని మూసి ఉంచే చిన్న కవాటం. దాన్ని వేడినీళ్ళలో వేసి చూస్తే సగమే తెరుచుకుంది. మార్చాం. మిగతావి బాగానే ఉన్నాయి. తర్వాత ఇంజను చల్లారేదాకా ఆగి కూలెంట్ దించాం.

ఇంజను వేడిని రేడియేటర్ దాకా మోసుకుపోయే ద్రవం కూలెంట్. మన వైపు గడ్డకట్టే చలి లేదు కదా, నీళ్ళు పోస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. అందులో ఉండే రసాయనాలు నీటిని త్వరగా మరగనివ్వవు, లోపలి లోహాలకు తుప్పు పట్టనివ్వవు. ఈ కారులోంచి దిగింది మాత్రం ఇటుక రంగు నీళ్ళు. వాటితోపాటు గంజిలా సాగే జిగురు. ముందు ఏం పోశారని నారపరెడ్డిని అడిగాను. మొదట ఆకుపచ్చది పోశానని, అది దొరకనప్పుడు ఎర్రది కలిపానని, రెండూ లేనప్పుడు నీళ్ళు పోశానని చెప్పాడు. ఏ నీళ్ళని నేను అడగలేదు. మా తనిఖీ వరసలో ఆ ప్రశ్న లేదు.

ఇంజనులో, రేడియేటర్‌లో మంచినీళ్ళు పోసి తిప్పి దించడం, రంగు పోయేదాకా మళ్ళీ మళ్ళీ చేశాం. ఏది పోయాలన్నది ఆ తర్వాతి ప్రశ్న. మా స్టోరులో కొత్తరకం ఎర్ర కూలెంట్ ఉంది. ఏళ్ళ తరబడి మార్చనక్కరలేదని దాని పేరు. ఈ కారు రేడియేటర్ మాత్రం పాతకాలపు రాగి ఇత్తడిది, సీసంతో అతికినది. కొత్తరకంలోని రసాయనాలు ముఖ్యంగా అల్యూమినియం రేడియేటర్ల కోసం కూర్చినవి. ఆ సీసపు అతుకులకు అవి పడతాయన్న నమ్మకం నాకు లేదు. అందుకని రెండేళ్ళకోసారి మార్చవలసిన పాతరకం ఆకుపచ్చదే తెప్పించాను.

“ఎర్రదే మంచిదంట గదా సార్?” అన్నాడు నారపరెడ్డి.

రంగుకు అర్థం లేదని, ఒక్కో కంపెనీ తనకు నచ్చిన రంగు కలుపుతుందని, కూలెంట్ డబ్బా వెనక రాసిన రకమే చూడాలని చెప్పాను. రెండు రకాలు కలిస్తే ఒక్కోసారి ఇందాక చూసిన జిగురులాగే తయారవుతుందని కూడా చెప్పాను. ఇంజను చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో గీతల మధ్య కూలెంట్ మట్టం చూసుకోమని, రేడియేటర్ మూత జోలికి పోవద్దని హెచ్చరించాను. దించిన పాత కూలెంట్‌ను మూత ఉన్న డ్రమ్ములో పోయించాను. అది తియ్యగా ఉంటుంది. బయట పారబోస్తే కుక్కలు తాగి చస్తాయి.

కొన్ని వారాలు కారు బాగా నడిచింది. అంతలో దగ్గరి బంధువు చనిపోతే వాళ్ళు ఊరు వెళ్ళవలసివచ్చి ఓబులమ్మకు ఒకసారి డయాలసిస్ తప్పిపోయింది. ఆ తర్వాతి వంతుకు బయలుదేరి జమ్మలమడుగు మీదుగా వస్తుండగా, ఆ ఊళ్ళోకి రాకముందే కారు ఆగిపోయింది. నారపరెడ్డి ఫోన్ చేశాడు.

“సార్, బానెట్ లోంచి పొగ లేస్తాంది. డబ్బా చూస్తే నిండుగా ఉండాది. మూత తీసి చూస్తా.”

“ముట్టుకోవద్దు! ఇంజను ఆపి దూరంగా నిలబడండి” అని అరిచాను. వేడిమీద ఆ మూత విప్పితే మరిగే ద్రవం ముఖాన చిమ్ముతుంది. అలా కాలినవాళ్ళను నా ఉద్యోగంలో చూశాను. ఓబులమ్మ ఎలా ఉందని అడిగాను.

“కాళ్ళు ఉబ్బినాయి సార్, ఆయాసపడతాంది. కారు ఇట్లా రోడ్డు మీద ఇడ్సిపెట్టి...” అంటూ ఆగిపోయాడు.

ఫోన్ ఆమె తీసుకున్నట్టుంది. మాట మాటకూ ఊపిరి తీసుకుంటూ, “సారూ, ఈయన నన్ను చూస్తాండాడు, కారును చూస్తాండాడు. ఏదీ తెగడంలేదు. ప్రొద్దుటూరు బస్సు వస్తాంది, మేం ఎక్కుతాండాం. కారు యాడికీ పోదు. బస్టాండులో ఎవురన్నా ఉంటే సాలు నాయనా” అంది. వెనక్కి తిరిగి భర్తతో, “తాళం ఆ టీ అంగడాయనకు ఇచ్చి రాప్పా” అనడం కూడా వినిపించింది.

మా సర్వీస్ అడ్వైజర్లలో ఒకరికి కారిచ్చి బస్టాండుకు పంపాను. ఆమె వస్తోందని డయాలసిస్ కేంద్రానికి ఫోన్ చేశాను. ఒక మెకానిక్కును వెంటబెట్టుకుని నేను జమ్మలమడుగు వెళ్ళాను.

మేము చేరేసరికి ఇంజను కొంత చల్లారింది. ఇంకా పూర్తిగా చల్లారేదాకా ఆగాం. వేడి ఇంజనులో చన్నీళ్ళు పోస్తే దాని పైభాగమైన సిలిండర్ హెడ్ పగలవచ్చు. ప్లాస్టిక్ డబ్బా నిజంగానే అంచుదాకా నిండి ఉంది. రేడియేటర్ మూత విప్పి వేలు పెడితే తడి తగలలేదు. డబ్బా నిండుగా ఉంది, రేడియేటర్ ఖాళీగా ఉంది. కారడం కూడా ఎక్కడా లేదు. ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటిది నేను చూడటం అదే మొదలు. నిజం చెప్పాలంటే, ఆ ఎండలో కూడా నాకు ఉత్సాహంగానే అనిపించింది.

మూత తిప్పి చూస్తే సంగతి అర్థమైంది. రేడియేటర్ మూతకు రెండు పనులుంటాయి. వేడెక్కి ఉబ్బిన కూలెంట్‌ను డబ్బాలోకి వదలడం ఒకటి, చల్లారాక అడుగునున్న బిళ్ళంత కవాటం తెరిచి దాన్ని తిరిగి లోపలికి రానివ్వడం రెండోది. ఆ బిళ్ళ చుట్టూ తెల్లటి సున్నపు పెచ్చు గట్టిగా పట్టింది. మొదటి తనిఖీలో మేము చూసింది మూత ఒత్తిడినే, ఈ కవాటాన్ని కాదు. బయటికి పోయే దారి ఉంది, తిరిగివచ్చే దారి మూసుకుపోయింది. ప్రయాణం జరిగిన ప్రతిసారీ కొంత కూలెంట్ డబ్బాలోకి పోయి అక్కడే ఉండిపోయింది.

ఇంజను ఆయిల్ మట్టం చూసే పుల్ల తీసి చూశాను. ఆయిల్ పాలలా తెల్లబడలేదు, అంటే కూలెంట్ ఆయిల్‌లో కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్ నిలిచింది. సమయానికి ఇంజను ఆపడం వల్ల బతికిపోయింది. కొత్త మూత బిగించి, బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ నింపి, గాలి బుడగలు పోయేదాకా ఇంజను నడిపి, నిదానంగా ప్రొద్దుటూరు చేర్చాం.

సాయంత్రం డయాలసిస్ కేంద్రానికి వెళ్ళాను. ఓబులమ్మ అప్పుడే మిషన్ దిగి కూర్చుంది. ఆయాసం తగ్గింది. నేను మూత చూపించి ఏ నీళ్ళు పోశారని అడిగాను, ఈసారి.

“మా బోరు నీళ్ళే సార్. మొదట్లో డబ్బాలో రవ్వంత తగ్గింటే రెండు మూడు సార్లు పోసినా. తర్వాత తగ్గేదే లేదు, పెరగతానే ఉండాది. పెరిగితే మంచిదే గదా అనుకుంటి” అన్నాడు నారపరెడ్డి. ఆ పెచ్చును గోటితో గీకి వెంటనే గుర్తుపట్టాడు. “ఇది మా డ్రిప్పు పైపుల్లో కట్టేదే. తోటలో అయితే యాసిడ్ వదిలి కడుగుతాం. దీనికీ రవ్వంత పోస్తే?”

యాసిడ్ ఇంజనులోని అల్యూమినియాన్ని తినేస్తుందని చెబుతున్నాను. ఓబులమ్మ అడ్డుపడింది.

“ఈడ నా రక్తం కడిగే మిషన్‌కి బోరు నీళ్ళు పొయ్యరంట. వడగట్టి, సున్నం తీసేసి, మీటరు పెట్టి చూసినాకనే పోస్తారంట. నేను ఒకనాడు అడిగితే ఆ పాప చెప్పింది. మడిసికి పనికిరాని నీళ్ళు కారుకు ఎట్ల పనికొస్తాయి సారూ?”

ఆమె చెప్పిన పాప అక్కడి టెక్నీషియన్. నాకు కుతూహలం పెరిగి నీటి గది చూపించమని అడిగాను. ఆమె సంతోషంగా చూపించింది. సున్నం లాగేసే ట్యాంకు, బొగ్గు ఫిల్టరు, ఆర్వో పొరలు, చివర నీటిలో ఎంత లవణం మిగిలిందో చూపే మీటరు. మరుసటి వంతుకు నారపరెడ్డి చేత లింగాల బోరు నీళ్ళు ఒక సీసాలో తెప్పించాను. మేము వర్క్‌షాపులో వాడే నీళ్ళు, ప్రొద్దుటూరులో అమ్మే క్యాను నీళ్ళు, డిస్టిల్డ్ వాటర్ కూడా పట్టుకెళ్ళాను. డిస్టిల్డ్ వాటర్‌లో పెడితే మీటరు దాదాపు కదలలేదు. క్యాను నీళ్ళలో కొంచెం కదిలింది. మా వర్క్‌షాపు నీళ్ళలో బాగా పెరిగింది. లింగాల నీళ్ళలో అంకె పైకి పోతూనే ఉంది. ఓబులమ్మ మంచం మీద నుంచే మెడ చాచి చూసి, “తోట ఎట్ల బతుకుతాందో” అంది.

ఆ వారమే కారును మళ్ళీ పూర్తిగా కడిగాం. ఈసారి చివరి విడతలు డిస్టిల్డ్ వాటర్‌తో. ఎంత దించినా ఇంజను లోపల కొంత నీరు మిగిలిపోతుంది. ముందే నీళ్ళు కలిపి అమ్మే కూలెంట్ పోస్తే దానివల్ల పలచబడుతుంది. అందుకని ముందు నీళ్ళు కలపని చిక్కటి కూలెంట్ కావలసిన పాళ్ళలో పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపాం. డిక్కీలో రెండు డిస్టిల్డ్ వాటర్ సీసాలు పెట్టాం. మట్టం చూసే పని ఓబులమ్మ తీసుకుంది. బయలుదేరే ముందు బానెట్ తెరిపించి, తగ్గినా పెరిగినా ఫోన్ చేసేది.

తర్వాత పులివెందులలోనే ఆమెకు డయాలసిస్ వంతు దొరికేదాకా ఆ కారే తిరిగింది. ఆ దారిలో మళ్ళీ ఆగలేదు. గడువు ప్రకారం కూలెంట్ దించినప్పుడు మెకానిక్కు నన్ను పిలిచి చూపించాడు. పోసినప్పటిలాగే పచ్చగా, తేటగా దిగింది.

మా వర్క్‌షాపులో రెండు మార్పులు చేశాను. నీటి మీటరు ఒకటి కొనిపించాను. వేడెక్కిన కారు వస్తే జాబ్ కార్డులో మొదటి ప్రశ్నగా “ఏ నీళ్ళు పోస్తున్నారు?” అని రాయించాను. కూలెంట్ సరైనది ఎంచుకుంటే సగం పని అయినట్టే. రోజూ దానిలో ఏం కలుస్తోందో, ఎవరు కలుపుతున్నారో తెలుసుకోవడం మిగతా సగం. ఆ సగం ఏ సర్వీసు మాన్యువల్లోనూ ఉండదు, కారులో వచ్చినవాళ్ళను అడగాలి.