గోల జట్టు

పొద్దున లేవగానే, ఇంకా కళ్లైనా సరిగ్గా తెరవకముందే, ఆమె వంటగది గట్టు దగ్గరికి వెళ్తుంది. అక్కడ ప్లగ్ బోర్డుకి తగిలించి మూడు ఫోన్లుంటాయి. ఒక్కొక్కదాన్నీ తిరగేసి, చంటిపిల్లకి ఒళ్లు వేడి చూసినట్టు వెనకవైపు అరచెయ్యి ఆనిస్తుంది. చల్లగా ఉంటే సరే. ఊరికే పడున్న ఫోన్ వేడెక్కిందంటే లోపల ఏదో అక్కర్లేని పని జరుగుతోందన్నమాట.

"ఇవాళ ఎవరికి జ్వరం?" అంటాడు భర్త, పళ్లు తోముకుంటూ.

"ఎవరికీ లేదు. ఆ నురగ నోటితో ఇటు రాకు, వాటిమీద పడుతుంది."

అదే బోర్డుకి నాలుగో ఫోన్ కూడా ఉంటుంది, పూల గుడ్డతో కుట్టిన సంచిలో. అది అత్తగారిది. ఆ ఫోన్ని మాత్రం ఆమె ముట్టుకునేది కాదు.

అత్తాకోడళ్లిద్దరిదీ ఒకటే కంపెనీ. మంచం పట్టినవాళ్లకీ, ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చినవాళ్లకీ నర్సుల్ని పంపే కంపెనీ అది. అత్తగారు నర్సు, కంపెనీ పెట్టిన కొత్తలోనే చేరారు. ఏ ఇంటికి వెళ్లాలి, ఎవరికి ఏ మందు, గాయానికి కట్టు ఎప్పుడు మార్చాలి, అన్నీ కంపెనీ ఇచ్చిన ఫోన్లోనే ఉంటాయి. ఫోన్ మొరాయించిందా, చేతిలో సూది సిద్ధంగా ఉన్నా ఎవరికి పొడవాలో తెలియదు. కోడలు మొదట్లో ముందు గదిలో కూర్చుని వచ్చేవాళ్ల పేర్లు రాసుకునే ఉద్యోగంలో చేరింది. ఒకరోజు పెట్టెల నిండా కొత్త ఫోన్లొచ్చి, వాటిని సర్దే దిక్కు లేక మూలన పడుంటే, తీరిక దొరికినప్పుడల్లా ఒక్కొక్కటీ తీసి సర్దింది. అప్పట్నుంచి ఆ ఫోన్లన్నీ ఆమె మెడకే చుట్టుకున్నాయి. నర్సులు ఆమెకి అప్‌డేటమ్మ అని పేరు పెట్టారు.

పేరుకి తగ్గట్టే ఆమె పనంతా అప్‌డేట్లతోనే. ఫోన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌కి దాన్ని తయారుచేసినవాళ్లు ఎప్పటికప్పుడు కొత్త రూపం పంపిస్తుంటారు. అది వేయకపోతే పాతదాంట్లోని కంతల్లోంచి దొంగలు దూరతారు. రోగుల వివరాలన్నీ అందులోనే ఉన్నాయి మరి. తొందరపడి వేస్తే కంపెనీ యాప్ ఎక్కడో అలుగుతుంది. ఎప్పుడు వేయాలి, ముందు ఎవరి ఫోన్లో వేయాలి అన్నది ఆమె తన బల్ల దగ్గర కూర్చుని తేలుస్తుంది. ఎవరి ఫోన్ ఎక్కడిదాకా వచ్చిందో ఆమె తెర మీద కనపడుతుంది. కావాలంటే అక్కణ్నుంచే ఏ ఫోన్‌కైనా తాళం వేయగలదు.

ముందు, ఆఫీసు నుంచి తెచ్చి ఇంట్లో పెట్టుకున్న ఆ మూడు ఫోన్లలో వేసి చూసేది. ఆ తర్వాత గోల జట్టుకి పంపేది. ఆ జట్టు ఆమె సొంత తెలివి. ఫోన్ రవ్వంత ఆలస్యమైతే ఆఫీసు పైకప్పు లేచిపోయేలా అరిచే నర్సుల్ని ఏరి ఏరి అందులో వేసింది. వాళ్లకి నాయకురాలు మైకక్క. ఆవిడ వీధి మొదట్లో మాట్లాడితే వీధి చివర రోగికి మెలకువ వస్తుంది.

"మమ్మల్ని ఎలకల్లా వాడుకుంటున్నావు కదే అప్‌డేటమ్మా!" అనేది మైకక్క.

"ఎలకలు ఇంత అరవవక్కా."

మంచి పద్ధతే. గోల జట్టు రెండు రోజులు గోల చేయలేదంటే మూడో రోజు అందరికీ పంపేయవచ్చు. ఆమెకి దానిమీద ఎంత గురి కుదిరిందంటే, పక్క కంపెనీలో ఇదే పని చేసే స్నేహితురాలికి ఫోన్ చేసి మరీ చెప్పింది.

అత్తగారిని ఆ జట్టులో వేయలేదు. వేస్తే ఇంటికీ ఆఫీసుకీ మధ్య గోడ కూలుతుందని ఆమె భయం. పైగా కొత్తగా కాపురానికొచ్చినప్పుడు, వడ్డన మధ్యలో అత్తగారు "ఈ ఫోన్ ఏంటమ్మాయ్ ఇలా చేస్తోంది?" అంటే, "ఇంట్లో ఆఫీసు గొడవలొద్దత్తయ్యా, హెల్ప్ నంబరుకి చేసి చెప్పండి" అనేసింది. మామూలుగానే అంది. అత్తగారు మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఇంట్లో ఉప్పు తక్కువైతే వీధంతా వినపడేలా చెప్పే మనిషి, ఫోన్ మాటొస్తే నోట్లో నాలుక లేనట్టుండేవారు. హమ్మయ్య, అత్తగారి ఫోన్ బాగా పనిచేస్తోందనుకుంది కోడలు.

అలా ఉండగా ఒక పెద్ద అప్‌డేట్ వచ్చింది. పేజీలకొద్దీ మార్పులు. ఇంటి ఫోన్లలో వేసింది, చల్లగా ఉన్నాయి. గోల జట్టుకి పంపింది. బొమ్మల రంగులు మారాయని, గడియారం పక్కకి జరిగిందని మైకక్క ఆఫీసుకొచ్చి దులిపేసిందే గానీ, పనికి అడ్డం పడే మాట ఒక్కటీ చెప్పలేదు. ఆ వారమే అందరికీ పంపేసింది. వంటగది గట్టు మీద పూల సంచిలోని ఫోన్‌లోకి కూడా, చార్జింగులో ఉండగా, అది దిగిపోయింది.

తర్వాతి వారం సూపర్వైజర్ ఆమె బల్ల దగ్గరికొచ్చాడు. ఊరి తూర్పు వైపు నర్సులందరికీ ఆయనే పెద్ద. వచ్చి ఎన్నాళ్లో కాలేదు. పని మీద శ్రద్ధున్న మనిషే, కాకపోతే ఓపిక తక్కువ.

"ఒక ఫోన్‌కి లాక్ వేయాలమ్మా. ఆ నర్సుని తూర్పు రూటు నుంచి తీసేస్తున్నాం. రేపట్నుంచి వేరేవాళ్లు వెళ్తారు."

"ఏ ఫోన్ సార్?"

ఆయన నంబరు చెప్పాడు. ఆమె వేళ్లు ఆ నంబరు కొట్టాయి. తెర మీద వచ్చిన పేరుని ఆమె రెండుసార్లు చదువుకుంది.

"ఏం చేశారు సార్ ఆవిడ?"

"ఏం చేయలేదు, అదే కదా గొడవ! ఫోన్లో విజిట్ మొదలుపెట్టినట్టుంటుంది, పూర్తిచేసినట్టుండదు. వారంగా అన్నీ ఇంతే. గుమ్మం దాకా వెళ్లి, మొదలుపెట్టానని నొక్కేసి వచ్చేస్తోందేమో. పెద్దావిడ, ఇంక ఓపిక లేదేమో."

"రోగుల ఇళ్లలో అడిగారా?"

"మా నర్సు నిజంగా వచ్చిందాండీ అని అడగమంటావా? కంపెనీ పరువేం కాను! పైగా ఆ మాస్టారికి మాట పడిపోయింది, ఆయన భార్యకి వినపడదు."

పాటల మాస్టారు. ఆ మాట చాలు, ఇది అత్తగారికి ఎంత పెద్ద దెబ్బో ఆమెకి అర్థం కావడానికి. పక్షవాతంతో మంచాన పడ్డ ఆయన, వేరే నర్సు ఎవరొచ్చినా చెయ్యి బిగించేస్తారు. అత్తగారు ఏదో కూనిరాగం తీస్తే, శ్రుతి తప్పిందన్న విసుగులో చెయ్యి వదిలేస్తారట. "నా పాడు గొంతు దేనికైనా పనికొచ్చిందంటే ఆ ఇంట్లోనే" అంటారు అత్తగారు. ఆ రూటు పోతే ఆవిడకి మిగిలేది ఆఫీసు వెనక గదిలో దూది కత్తిరించే పని, లేదా అదీ లేదు.

"సార్, ఆవిడ మా అత్తగారు."

సూపర్వైజర్ ఒక్క క్షణం తెల్లబోయాడు. వెంటనే తేరుకున్నాడు. "అయితే మరీ మంచిదమ్మా. ఫోన్ ఇంట్లోనే తీసేసుకోవచ్చు."

"రేపటి దాకా ఆగండి సార్. పొద్దున మీకే చెప్తాను."

"చూడమ్మా, చుట్టరికం చుట్టరికమే, పని పనే."

"అందుకే సార్ ఆగమంటున్నది."

ఆ సాయంత్రం అత్తగారు చెప్పులు విప్పి, సంచి కుర్చీకి తగిలించి, కాళ్లు కడుక్కొచ్చేదాకా ఆమె ఆగింది. అత్తగారు కూర్చుని కూరగాయల గిన్నె దగ్గరికి లాక్కున్నారు.

"అత్తయ్యా, మీ ఫోన్ ఒకసారి చూడనా?"

కత్తిపీట ముందు అత్తగారి చెయ్యి ఆగిపోయింది. "ఎందుకు? ఎవరేమన్నారు?"

"విజిట్లు పూర్తయినట్టు నొక్కట్లేదట కదా."

"నొక్కడానికి ఉండాలి కదా! ఆ బటనే మాయమైపోయింది. నేనే ఏదో పిచ్చి నొక్కుడు నొక్కి చెడగొట్టానేమోనని, రోజూ బస్సులో దాంతోనే కుస్తీ."

"మరి నాకు చెప్పొచ్చు కదా?"

"ఇంట్లో ఆఫీసు గొడవ వద్దన్నావు."

"హెల్ప్ నంబరుంది కదత్తయ్యా!"

"ఆ నంబరుకి చేస్తే ఎత్తేదెవరూ? నువ్వే! ఇంట్లో వద్దన్న మాట అక్కడ చెప్తే ముద్దొస్తుందా? 'ఏంటి, మా అత్తకి బటన్ కూడా దొరకట్లేదా' అని నలుగురూ నవ్వుకోరూ?" అని, గొంతు తగ్గించి, "నీ పేరు పోతుందనుకున్నానమ్మాయ్" అన్నారు.

అటు గదిలోంచి భర్త తొంగిచూసి, "మీ ఇద్దరి మధ్యా ఒక మైకక్క ఉంటే బాగుండేది" అన్నాడు.

"నువ్వు నోర్ముయ్, బెండకాయలు తరుగు" అన్నారు తల్లి. గిన్నె అతని చేతిలో పెట్టేసి, పూల సంచి విప్పి ఫోన్ కోడలికిచ్చారు.

ఇన్నేళ్లలో ఆ ఫోన్ని కోడలు చేత్తో పట్టుకోవడం అదే మొదలు. తెర వెలగగానే ఆమెకి సంగతి సగం అర్థమైంది. అక్షరాలు ఒక్కొక్కటీ లడ్డంత ఉన్నాయి. అత్తగారికి చూపు మందగించినప్పట్నుంచి ఫోన్లో అన్నిటికన్నా పెద్ద అక్షరాలు పెట్టుకున్నారు. కొత్త అప్‌డేట్ ఆ పెద్ద అక్షరాలని ఇంకా పెద్దవి చేసింది. రోగి పేరు, మందు పేరు, డాక్టరు మాట, అన్నీ ఉబ్బి కిందికి జరిగి, చిట్టచివరనుండే 'పూర్తయింది' బటన్ని తెర బయటికి తోసేశాయి. కంపెనీ యాప్‌లో ఆ పేజీ పైకి కిందికి జరగదు. జరపాల్సిన అవసరమే రాదనుకుని కట్టారు దాన్ని. అక్షరాల సైజు ఒక్క మెట్టు దించగానే బటన్ తలుపు చాటు పిల్లలా బయటికొచ్చింది.

"ఇదిగో! ఇదే!" అన్నారు అత్తగారు. వెంటనే ముఖం ముడుచుకుని, "అక్షరాలు కనపడట్లేదు ఇప్పుడు" అన్నారు.

కోడలికి తల కొట్టేసినట్టయింది. గోల జట్టులో అందరూ చిన్నవాళ్లు, నిక్షేపంలాంటి కళ్లున్నవాళ్లు. ఒక్కరూ అద్దాలు పెట్టుకోరు. ఇంట్లోని మూడు ఫోన్లలో అక్షరాలు పెట్టెలోంచి వచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. మరి మిగతా పెద్ద నర్సులు? మర్నాడు ఆఫీసుకి వెళ్తూ బస్సులోంచే ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసింది. "బటన్ పోతే మా అమ్మాయి సరిచేసిందమ్మా" అంది ఒకావిడ. "మా మనవడు ఫోన్ అడ్డంగా తిప్పి చూపించాడు" అంది ఇంకొకావిడ. అందరూ ఇంట్లో అడిగి నెట్టుకొచ్చారు. ఇంట్లో అడగలేనిది ఒక్క అప్‌డేటమ్మ అత్తగారే.

సూపర్వైజర్‌కి అత్తగారి ఫోన్ చూపిస్తే కోడలు ఏదో సర్దిందంటాడు. అందుకని అత్తగారి ఫోన్ తేలేదు. అలమారాలోంచి ఎవరిదీ కాని ఫోన్ తీసి, అప్‌డేట్ వేసి, అక్షరాలు పెద్దవి చేసి ఆయన ముందు పెట్టింది.

"ఒక ఉత్తుత్తి విజిట్ తెరిచి పెట్టాను సార్. మీరు పూర్తిచేయండి."

ఆయన కళ్లజోడు సర్దుకుని నొక్కాడు, జరిపాడు, ఫోన్ని అటూ ఇటూ ఊపాడు. ఈలోపు మైకక్క సంతకం పెట్టడానికి వచ్చి, "ఊపితే రాలదు సార్, అది చింతకాయ కాదు" అంది.

"ఏది బటన్?" అన్నాడాయన.

"అదే సార్ వారం నుంచి మా అత్తగారు వెతుకుతున్నది. తప్పు ఆవిడది కాదు. అందరికీ పంపే ముందు పెద్ద అక్షరాలతో ఒక్కసారైనా చూడాల్సింది నేను. చూడలేదు."

ఆయన ఫోన్ని బల్ల మీద పెట్టేశాడు. తర్వాత, "ఇది పైవాళ్లకి చెప్పాలమ్మా. నీ మీదకే వస్తుంది" అన్నాడు.

"చెప్పండి సార్. ముందు లాక్ మాట తీసేయండి."

ఆయన తీసేశాడు. మధ్యాహ్నం మాస్టారి ఇంటికి తనే స్వయంగా వెళ్లి, ఆవిడ రోజూ వస్తున్నట్టు మాస్టారి భార్య దగ్గర చేతి సైగలతో కనుక్కుని వచ్చాడు కూడా. పైవాళ్ల నుంచి ఆమెకి నాలుగు చీవాట్లు పడ్డాయి. ఆ ఏడు ఆమెకిస్తామన్న ప్రమోషన్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అప్‌డేట్ ఇంకా చేరని ఫోన్లకి ఆమె దాన్ని ఆపింది. యాప్ కట్టినవాళ్ల వెంటపడి ఆ పేజీ జరిగేలా చేయించింది. అది వచ్చాక అత్తగారు అక్షరాలు మళ్లీ లడ్డంత చేసుకున్నారు.

జట్టు మాత్రం మారింది. మైకక్క ఉంది, కాకపోతే ఇప్పుడు ఆవిడ పక్కన అసలు నోరెత్తని నర్సులు కూడా ఉన్నారు. పెద్ద అక్షరాలవాళ్లు, పగిలిన తెరతోనే నెట్టుకొచ్చేవాళ్లు. వాళ్లు ఫోన్ చేసి చెప్పరు కాబట్టి ఆమే వెళ్తుంది. ఒక పూట వాళ్లతోపాటు బస్సెక్కి, రెండు మూడిళ్లు తిరిగి, వాళ్ల వేలు ఎక్కడ ఆగుతుందో చూస్తుంది. దానివల్ల ప్రతి అప్‌డేటూ ఆలస్యమవుతోందని పైవాళ్లు సణుగుతారు. సణగనీ అంటుంది.

అత్తగారు కూడా ఇప్పుడు ఆ జట్టులో ఉన్నారు. ఫోన్ గురించి ఇంట్లో మాట్లాడుకోవచ్చని ఒప్పందమైంది, వడ్డన అయ్యాక మాత్రమే. ఇప్పటికీ తనంతట తను చెప్పరు, అడిగితే చెప్తారు. తూర్పు రూటు ఆవిడదే. మాస్టారికి ఇవాళ పొద్దున ఇంజెక్షన్ ఇచ్చి వచ్చారు.