నా సీసాలో నీలగిరి

మా తోడికోడలికి మొగుడున్నాడు, నాకు లేడు. నా కడుపుమంటకు మొదలు అదే.

మరిపెడ దగ్గర మా చెలకలో నిమ్మగడ్డి నాటింది నా పెనిమిటే. నూనె తీసే బట్టీ మాత్రం తోడికోడలిది. పెద్ద ఇనుప డ్రమ్ము, కింద మంట, లోపల ఆవిరి, గొట్టం చివర నూనె. భూపాలపల్లి దిక్కునున్న తల్లిగారింటి నుంచి ఆమెకు నీలగిరి ఆకు వస్తుంది. ముందు ఆమె ఆకు ఉడకాలి, తర్వాతే నా గడ్డి. పెద్దకోడలు కదా, ఆ వరస ఎవరూ తప్పరు. ఆమె వంతుకు బావ మంటేస్తాడు, ఆ బరువు మూత ఎత్తుతాడు. నా వంతుకు మంటా నేనే, మూతా నేనే. ఆయన చెమట ఆమె కొంగుతో తుడుస్తుంటే నేను చూడలేక కట్టెలు సర్దేదాన్ని.

ఈసారి కొనేవాళ్లు నూనెకు పరీక్ష అడిగారు. పరీక్షలో పోతే గడ్డి పీకి మిర్చి పెడతానన్నాడు నా కొడుకు. పోయిన నా పెనిమిటి చేతి గడ్డి అది. సీసా పట్టుకుని జనగామ ల్యాబుకు పోయాను.

అక్కడి పిల్ల సూదితో చుక్క పీల్చి మిషన్‌కు ఇచ్చింది. నూనెలో ఉన్నవాటిని అది వేటికవి విడదీస్తుందట. తెర మీద గీత గుట్టలు గుట్టలుగా లేచింది. పెద్ద గుట్టలు రెండూ నిమ్మ వాసనవని చెప్పి, ఒక చిన్న గుట్ట మీద వేలు పెట్టింది.

"అవ్వా, గిది నిమ్మగడ్డిది కాదు, నీలగిరిది. ఏం కలిపినవ్?"

నాకు ఒళ్లు మండింది. నా సీసాలో కూడా ఆమే. నేనేం కలపలేదని బట్టీ సంగతి చెప్పాను. గొట్టంలో పాత నూనె అంటుకుని ఉంటుందని, ఉత్త నీళ్ల ఆవిరితో కడిగాక, నీలగిరి ఆకు పెట్టకముందే మళ్లీ తీసి తెమ్మని చెప్పింది.

అంటే తోడికోడలి వరస నేను అడగాలి. రెండు రోజులు వాయిదా వేశాను. కొడుకు మిర్చి నారు మాట్లాడుకున్నాడని తెలిసి ఆమె దగ్గరికి పోయాను.

"అక్కా, ఈపాలి నన్ను ముందుగాల తీసుకోనియ్యి."

"గింతదానికి గంత ముఖం పెట్టినవేందే? తీస్కో. మూత మీ బావ ఎత్తుతడు."

రెండో సీసాలో ఆ చిన్న గుట్ట లేదు. కొడుకు మిర్చి మాట ఎత్తలేదు, గడ్డి నిలిచింది. ఇప్పుడు ప్రతిసారీ బావే నా మూత ఎత్తుతున్నాడు. ఎత్తగానే ఆమె గట్టు మీది నుంచి, "దా, చాయ్ సల్లారుతది" అని పిలుస్తుంది. ఆయన పోతాడు. ఆవిరి ముందర నేనొక్కదాన్నే ఉంటాను.