డింగీలా మోగిన సైలెన్సర్

మావయ్య చేసింది మంచిపనేనా? చిన్నప్పటి నుంచీ నన్ను వదలని ప్రశ్న. ఈ ఉదయం లంబాలైన్ పేటలో ఒక బండి గుడగుడమంటూ పోతే మళ్లీ లేచింది.

తాతయ్య సముద్రంలో చేపల వేటకెళ్లి తిరిగి రాకపోయేసరికి అమ్మమ్మ అన్నం ముట్టడం మానేసింది. తాతయ్య డింగీ, అదే ఆయన మోటారు పడవ, చప్పుడు వింటే తింటుందేమోనని, మావయ్య తన బండికి వేరే సైలెన్సర్ బిగించి, లోపలి చిల్లుల గొట్టాన్ని కొంచెం కొంచెంగా కోస్తూ, కోసినప్పుడల్లా బండి స్టార్ట్ చేసి వినిపించాడు.

"కాదురా, మీ నాన్న డింగీ ఇంకా బొంగురుగా ఉంటాది," అంది అమ్మమ్మ.

"అరే భయ్యా, చెవులు పోతన్నాయి, బస్ కరో, ఇక ఆపు!" పక్కింటి దీదీ అరిచింది.

మావయ్య మళ్లీ కోశాడు.

"అదేరా, అదే!"

ఏం చెయ్యి మావయ్యది! చిన్నప్పటి డెలానీపూర్ నేస్తాల్లారా, ఆ రోజు మన వీధంతా ఆగి విన్నది మీకు గుర్తుందా?

ఆ పూట అమ్మమ్మ తింది. తాతయ్యకూ ఒక కంచంలో వడ్డించి మూతపెట్టింది.

ఆ చప్పుడు ఆమెను బతికించిందో, ఎదురుచూపులకు కట్టేసిందో నాకిప్పటికీ తేలలేదు.