బావగారి పన్నెండో పురుగు

మొన్న మోరిస్‌విల్ నుంచి కొండల వైపు వెళ్తూ గ్యాస్ స్టేషన్‌లో ఆగితే, కారు విండ్‌షీల్డ్ నిండా సన్నటి పురుగులు అతుక్కుని ఉన్నాయి. పొడుగాటి తోకలు, నిలబెట్టిన రెక్కలు. మావారు వైపర్ వేయబోతుంటే వద్దన్నాను. అవి మేఫ్లైలు. వాటిని గుర్తుపట్టడం నాకు మా బావగారు నేర్పారు.

మా అక్క భర్త కళ్ళ డాక్టరు. పుట్టి బుద్ధెరిగి చేప ముక్క నోట పెట్టని మనిషికి ట్రౌట్ చేపల పిచ్చి ఎలా పట్టిందో ఎవరికీ తెలియదు. గాలం వేయడానికి లైసెన్సు కొని, నడుములోతు చన్నీళ్లలో నిలబడి, పట్టిన చేపను మళ్లీ ఏట్లోనే వదిలేసి, ఇంటికొచ్చి పప్పన్నం తినేవారు. ఎరలు కూడా తనే కట్టుకునేవారు. చిన్న కొక్కేన్ని వైస్ అనే బిగింపు పనిముట్టులో బిగించి, ఈక పోగులూ దారమూ చుట్టి అచ్చం పురుగులా తయారుచేసేవారు. రెక్కలొచ్చి నీటిపైన తేలేది మేఫ్లై, అంతకు ముందు నీటి అడుగున తిరిగే పిల్లపురుగు నింఫ్. డైనింగ్ టేబుల్ మీద ఈకలు చూసి అక్క సణిగేది. నేను మాత్రం పక్కన కూర్చుని ఆ పని నేర్చుకున్నాను.

ఒక ఏడాది ఆయనకు చిన్న స్ట్రోక్ వచ్చి ఎడమచెయ్యి పట్టు తప్పింది. ఆయన ఆపరేషన్లు చేసేది ఆ చేత్తోనే. ఆర్నెల్ల థెరపీ తర్వాత డాక్టర్లు ఫరవాలేదన్నారు. సోమవారం మళ్లీ మొదలుపెట్టాలనగా, ఆదివారం మధ్యాహ్నం తన పరీక్ష తనే పెట్టుకున్నారు. బియ్యపుగింజంత కొక్కేల మీద పన్నెండు నింఫ్‌లు కట్టాలి. ఒక్కటి చెడినా రేపు ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లనన్నారు. అక్క సింకు దగ్గర కడిగిన గిన్నెనే మళ్లీ కడుగుతోంది. నేను ఎదురుగా కూర్చుని, పూర్తయినవాటిని లెక్కపెడుతున్నాను.

పదకొండు పూర్తయ్యాయి. పన్నెండోదానికి చివరి ముడి వేస్తుంటే చెయ్యి ఒక్కసారి అదిరింది. దారం జారి కొక్కెం కన్ను మూసేసింది. ఆ కంట్లోంచి గాలం తీగ దూరకపోతే ఎర దండగ. ఆయన చూశారో లేదో తెలియలేదు. అన్నీ కలిపి భూతద్దంతో చూస్తానని, ముఖం కడుక్కోవడానికి లేచారు.

నాకు ఆయన మీద జాలేసింది. గబగబా ఇంకొకటి కట్టి, చెడిపోయినదాన్ని కాగితంలో చుట్టి దాచేశాను.

ఆయన వచ్చి ఒక్కొక్కటే తిప్పి చూశారు. పన్నెండోదాని దగ్గర ఆగిపోయారు.

"ఇది నువ్వు కట్టావు."

నాది కుడిచేతి వాటం. నేను చుట్టిన దారం ఆయన చుట్టిన దానికి ఎదురు దిక్కున తిరుగుతుంది. అన్నేళ్లు పక్కన కూర్చుని నేర్చుకున్నదాన్ని, ఆ ఒక్క సంగతీ మరిచిపోయాను.

"పదకొండు పర్ఫెక్ట్‌గా వచ్చాయి కదా బావగారూ," అన్నాను.

"మరి పన్నెండో పేషెంట్‌కి ఏం చెప్పమంటావమ్మా?"

కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన నెమ్మదిగా ఫోన్ తీసి, ఆస్పత్రివాళ్లకు తన ఆపరేషన్ల లిస్టు ఇంకో డాక్టరుకు ఇచ్చేయమని చెప్పారు. ఈ వారం ఒక్కటేనా అని అవతలివాళ్లు అడిగినట్టున్నారు, ఇక ఎప్పటికీ అన్నారు. అక్క కుళాయి కట్టేసి వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

ఆ దొంగ పురుగు కట్టడానికి నాకు నాలుగు నిమిషాలు పట్టింది. ముప్ఫై ఏళ్ల పని వదులుకోవడానికి ఆయనకు అంత సేపు కూడా పట్టలేదు.