ట్రంకుపెట్టె మూత మీద అక్షరాలు

ఆ సాయంత్రం బాపు బాబుపేట్‌లోని మా ఇంటి గడప మీద కూర్చుని సుద్దముక్కలు విరిచాడు. ఒక్కొక్కదాన్నీ సగానికి విరిచి ఖాళీ తంబాకు డబ్బాలో వేశాడు. మూత పెట్టి, చెవి దగ్గర ఆడించి చూసి, లేచాడు. మరునాడు పెద్దపల్లిలో పెళ్లికి మా పిల్లలు ఆదర్శ్, ఆశలను తీసుకుని అందరం రైలెక్కాలి. తెల్లవారేసరికి బాపు లేడు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు.

మా నాన్న పేరు రాజలింగు, మేము బాపు అనేవాళ్లం. ముప్పై ఏళ్లకు పైగా ఇక్కడి మరాఠీ ప్రాంతపు బొగ్గుగనిలో పనిచేశాడు. భూమి కింద అన్నేసి గంటలు ఎలా ఓపిక పట్టాడో గాని, భూమి మీద ఆయన కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. అన్నం మధ్యలో లేచి వీధి చూసి వచ్చేవాడు. అరికాళ్ల కింద నిప్పులు పోసినట్టు తిరుగుతాడని అమ్మ అనేది.

ఏటా ఎండాకాలం సెలవుల్లో బల్లార్షాలో ప్యాసింజర్ ఎక్కి పెద్దపల్లిలోని చుట్టాలింటికి పోయేవాళ్లం. మొదట్లో నాకు తొమ్మిదేళ్లు, తమ్ముడు విజయ్‌కుమార్‌కు ఏడు. చదివేది మరాఠీ బడి. బండి కదిలిన పది నిమిషాలకే తమ్ముడు ఇంకెంతసేపని మరాఠీలో మొదలుపెట్టేవాడు. బాపు సీట్ల మధ్య నల్లరంగు ట్రంకుపెట్టె పెట్టి, మాకు చెరో సుద్దముక్క ఇచ్చేవాడు. సరిహద్దు దాటాక స్టేషన్ బోర్డుల మీద తెలుగు కనబడేది. బండి ఆగిన ఆ కాసేపట్లోనే బోర్డు మీద ఒక అక్షరం చూసి పెట్టె మూత మీద దించాలి. ముందు దించినవాళ్లకు తర్వాతి స్టేషన్ దాకా కిటికీ పక్క సీటు. అది ఏ అక్షరమో బాపు చెప్పేవాడు. సిర్పూర్‌లో ఒకటి, కాగజ్‌నగర్‌లో ఒకటి. చెప్పి వెంటనే తలుపు దగ్గరికి పోయేవాడు, మళ్లీ వచ్చేవాడు. నేను లంగా అంచుతో మూత తుడిచి తర్వాతి బోర్డు కోసం మెడ చాచేదాన్ని.

ఒక ఏడాది బెల్లంపల్లిలో దిగిన ముసలాయన ఎదురు సీట్లో తెలుగు కథల పత్రిక మరిచిపోయాడు. అప్పటికి నాకు విడి అక్షరాలే వచ్చు. మొదటి కథ చదివి వినిపించమని బాపు ఒళ్లో పెట్టాను. ఆయన ఒక పేజీ తిప్పాడు, ఇంకొకటి తిప్పాడు.

“మంచిర్యాల వస్తున్నదేమో చూసొస్త బిడ్డా.”

పెద్దపల్లి దాకా తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆ కథ చివర ఏమైందో తెలుసుకోవడానికి నాకు సెలవులన్నీ పట్టాయి. అక్షరం అక్షరం కూడబలుక్కుని నేనే చదువుకున్నాను. బాపు మీద కోపం మాత్రం పోలేదు.

పెద్దయ్యాక నేనూ కథలు రాశాను. అచ్చయిన ప్రతి పత్రికా తెచ్చి ఆయన చేతిలో పెట్టేదాన్ని. రెండు పేజీలు తిప్పి లేచిపోయేవాడు. మరాఠీ పేపరు మాత్రం చివరి మూల దాకా చదివేవాడు. నా కథ ఒక్కటైనా ఆయన చదివితే చాలని ఇరవై ఏళ్లు చూశాను. పోయిన నెల కొత్త పత్రిక తిరగేస్తూ అడిగాడు.

“దీంట్ల నీదేది బిడ్డా?”

“జ్యోతిలక్ష్మి అని పేరుంది గద బాపు. మరాఠీల ఉంటెనే కనబడుతదా నీకు?”

నవ్వాడు. చెప్పులు వేసుకుని బయటికి పోయాడు.

పదోనాడు చిన్నయ్య వచ్చాడు. గనిలో బొగ్గు మోసే ఇనప టబ్బుల మీద సుద్దతో నంబర్లు వేసిన మనిషి, బాపు ఈడువాడు, స్నేహితుడు. ఆశ డబ్బా ఆడిస్తుంటే చూసి, ఆ సుద్ద తానే ఇచ్చానన్నాడు. బాపు చిన్నప్పుడే ఇక్కడికొచ్చి మరాఠీ బడిలో నాలుగో తరగతి చదివాడని నాకు తెలుసు. తెలుగు ఎప్పుడు నేర్చాడని మాత్రం ఎన్నడూ అడగలేదు. మాకు నేర్పేవాడికి రాకపోవడమేమిటి అనుకున్నాను. కాని మా చిన్నప్పుడు ఏటా ప్రయాణానికి వారం ముందు షిఫ్టు అయ్యాక, టబ్బు మీద చిన్నయ్య చేత స్టేషన్ల పేర్లు రాయించుకుని నేర్చుకునేవాడట.

“బోర్డుల మీదియే వచ్చు బిడ్డా మీ బాపుకు. కతలు గితలు రాకపాయె. తండ్రికే రాదంటె పిల్లలెందుకు నేర్చుకుంటరని, ఎవలకు చెప్పద్దని నాతోని ఒట్టేయించుకున్నడు.”

కూర్చోలేకపోయాను. వీధిలోకి పోయి, తిరిగి వచ్చి, పిల్లలకు సుద్ద ఎప్పుడు తీసుకెళ్లాడని అడిగాను.

“పోయిన నెల. సుద్ద కోసం రాలే. జ్యోతిలక్ష్మి అని ఎట్లుంటదో రాసి చూపుమన్నడు. మూడుసార్లు రాపిచ్చుకున్నడు.”